ఇంటికెళ్లాక మా పాప మీద అరుస్తున్నా, అంగన్‌వాడీ అక్కలూ ఏం చేయాలి?

కొత్తటీచర్_టీజీ:
పోయినేడు అంగన్‌వాడీ టీచర్‌గా చేరాను. జూన్‌లో కొత్త పిల్లలొచ్చారు, ఒకడైతే గేటు దగ్గరే గుక్కపెట్టి ఏడుస్తాడు, చెప్పులు కూడా విప్పనివ్వడు, వాణ్ని చంకనేసుకునే మిగతావాళ్లతో పాట పాడించాలి. దానికి నాకు విసుగు లేదు నిజంగా. కానీ సరిగ్గా అప్పుడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో అటెండెన్స్, ఫొటో, సూపర్‌వైజర్ మేడమ్ ఫోను, ఇంకోపక్క గుడ్డు చిన్నదిచ్చారని ఒక తల్లి గొడవ, అందరితో నవ్వుతూనే మాట్లాడాలి. సాయంత్రం మా పాప అమ్మా అంటే చాలు కసురుతున్నా. మీరు ఏళ్ల తరబడి ఎలా నెట్టుకొస్తున్నారు?

పాతసెంటర్_గుంటూరు:
చెల్లీ, ముందు ఆ పిల్లాడి సంగతి. వాళ్లమ్మని చాటుగా జారుకోవద్దని చెప్పు, మళ్లీ వస్తానని వాడి మొహం చూసి చెప్పి వెళ్లమను, ఇంటి నుంచి ఏదైనా పాత బట్ట తెచ్చుకోనీ. మా దగ్గర ఒకడు వాళ్ల నాన్న తువ్వాలు భుజానేసుకుని పెద్దమనిషిలా కూర్చునేవాడు, అన్నం కూడా దాంతోనే, మెల్లగా వాడే మర్చిపోయాడు. ఇక ఫోను పని పిల్లలు పడుకున్నాక పెట్టుకో, అప్పటిదాకా ఆయాకి ఇచ్చెయ్.

బేబీక్లాస్_హైదరాబాద్:
ప్రైవేటులోనూ ఇదే అండీ. మా ప్లేస్కూల్లో సీసీ కెమెరా లైవ్ పేరెంట్స్ ఫోన్లోకే వెళ్తుంది, ఒక్క నిమిషం మొహం ముడుచుకుంటే రాత్రి వాట్సాప్‌లో "టీచర్ ఈరోజు మూడీగా ఉన్నారా" అని మెసేజ్. నేనైతే స్కూల్ నుంచి రాగానే పది నిమిషాలు ఎవరితో మాట్లాడనని ఇంట్లో చెప్పేశా, మొదట్లో మా అత్తగారు అలిగారనుకోండి, ఇప్పుడు ఆవిడే పిల్లల్ని ఆపుతున్నారు.

ఎర్రపలక:
అందరూ ఓపిక ఓపిక అంటారు గానీ మన అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975లో, ఇప్పటికీ ఇచ్చేది జీతం కాదు, గౌరవవేతనం. గ్రాట్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది, అయినా 2023 డిసెంబరు నుంచి ఆంధ్రా అక్కలు జీతం, గ్రాట్యుటీ అంటూ 42 రోజులు సమ్మె చేయాల్సొచ్చింది, మధ్యలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. నీ నరాలు బలహీనం కాదమ్మా, ముగ్గురి పని ఒక్కదానివే చేస్తున్నావు.

కొత్తటీచర్_టీజీ:
గుంటూరు అక్కా, బట్ట సంగతి రేపే వాళ్లమ్మకి చెప్తా. కానీ ఫోను ఆయాకి ఇమ్మన్నారు చూడండి, మా సెంటర్లో ఆ పోస్టే ఖాళీ.