‘భారము నామీద మోపబడియున్నది’: 1 కొరింథీయులకు 9:16లో ‘భారము’ అర్థమేమిటి?

ప్రశ్న:

అందరికీ వందనములు. “ఆయనకు ఆత్మల భారం ఉంది” (అంటే ఇతరుల రక్షణ కోసం తపన ఉంది), “భారం కలిగిన సేవకుడు”, “భారంతో ప్రార్థించండి” అనే మాటలు మన సంఘాల్లో నిత్యం వింటూ ఉంటాము. సంఘం బయట ఉన్న మిత్రులకు ఈ ప్రయోగం వింతగా తోస్తుంది. వారి దృష్టిలో భారమంటే దించుకోవలసినదే గాని కోరుకోవలసినది కాదు. కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో (1 కొరింథీయులకు 9:16) అపొస్తలుడైన పౌలు వాడిన భారము ఇదేనా? అక్కడ దానికి తపన అని అర్థం చెప్పుకోవాలా, బాధ్యత అని చెప్పుకోవాలా? పెద్దలు వివరించగలరు.

సమాధానం:

ముందుగా వచనాన్ని పూర్తిగా చదువుకుందాము. “నేను సువార్తను ప్రకటించుచున్నను నాకు అతిశయకారణములేదు. సువార్తను ప్రకటింపవలసిన భారము నామీద మోపబడియున్నది. అయ్యో, నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ.”

నా అభిప్రాయంలో ఇక్కడి భారము తపన కాదు, తప్పించుకోవడానికి వీలులేని విధి. గ్రీకు మూలంలో ఉన్న ‘అనంకే’ అనే పదానికి అగత్యము, తప్పనిసరి అని అర్థం. దాని పక్కనున్న క్రియకు ‘మీద పెట్టబడి ఉన్నది’ అని అర్థం. మన అనువాదకులు ఆ క్రియలోని బరువును గ్రహించి, నామవాచకాన్ని కూడా దానికి తగినట్టుగా ‘భారము’ అని మార్చి, ‘మోపబడియున్నది’ అని ముగించారు. ఇది మంచి తెలుగు. మోపడం అనేది ఎత్తుకొనేవాడు చేసే పని కాదు, ఎత్తేవాడు చేసే పని. భుజం ఎవరిదో ఈ వాక్యంలో తెలుస్తున్నది గాని మోపినవాడెవరో పౌలు విడిగా చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ ఆయనకు కనిపించలేదు.

ఇదే మాటల జంట మన గ్రంథంలో మరొకచోట ఉన్నది. కీర్తన 55:22లో “నీ భారము యెహోవామీద మోపుము ఆయనే నిన్ను ఆదుకొనును” అని చదువుతాము. క్రైస్తవులే కాదు, తెలుగువారెవరైనా ఆపరేషన్ గది బయట కూర్చొని “దేవుడి మీద భారం వేశాము” అని అంటారు గనుక ఈ కీర్తన మన చెవికి ఇట్టే అందుతుంది. కొరింథీయులకు వ్రాసిన పత్రికలో దిక్కు తిరగబడింది. మనిషి తన చింతను దేవుని మీద మోపడం అక్కడ, దేవుడు తన పనిని మనిషి మీద మోపడం ఇక్కడ. మూలభాషలు వేరు, ఆ పదాలూ వేరు కనుక ఈ పోలిక గ్రీకులో గాని హీబ్రూలో గాని కనిపించదు. తెలుగులో చదివేవారికి దొరికిన ఈ పోలికను మన బోధకులు ఇంకా ఎక్కువగా వినియోగించుకుంటే బాగుంటుందని నా కోరిక.

ఇక మీరు అడిగిన అసలు సంగతికి వస్తాను. ‘భారం కలిగిన సేవకుడు’ అని మనం అన్నప్పుడు ఆ మాట ఒక యోగ్యతాపత్రంలా పనిచేస్తున్నది. ఫలానావారికి భారం ఉన్నది, ఫలానావారికి లేదు అని తూచి చెబుతున్నాము. పౌలు వాక్యక్రమం దీనికి సరిగ్గా ఎదురుగా నడుస్తుంది. ‘అతిశయకారణములేదు’ అన్నది ముందు మాట. భారము మోపబడియుండడం దానికి ఆయన చూపిన కారణం. తెలుగులో విడి వాక్యాలుగా కనిపిస్తున్న ఈ రెండింటి మధ్య గ్రీకులో ‘ఏలయనగా’ అనే కారణార్థకం ఉన్నది. నాకు అప్పగించిన పని నేను చేస్తున్నాను, అందులో నేను చెప్పుకోదగిన గొప్ప ఏమున్నది అని ఆయన భావం. 17వ వచనంలో తనను గృహనిర్వాహకునితో పోల్చుకున్నాడు. ఆ కాలపు రోమా సామ్రాజ్యంలో పెద్ద ఇళ్ల నిర్వాహకులు తరచుగా దాసులే.

అయితే ఇంతటితో ఆగితే పౌలు కేవలం ఆజ్ఞకు లోబడి పనిచేసినవాడని అనిపిస్తుంది. 18వ వచనం ఆ అభిప్రాయాన్ని నిలువనివ్వదు. ఆ అధ్యాయం మొదటి సగమంతా సువార్తికునికి జీవనోపాధి పొందే హక్కు ఉన్నదని, కళ్లము త్రొక్కే యెద్దు మూతికి చిక్కము పెట్టకూడదన్న ధర్మశాస్త్ర వాక్యాన్ని సైతం ఎత్తి చూపి వాదించినవాడు, తీరా హక్కు రుజువయ్యాక దానిని పక్కన పెట్టి, “సువార్తను ఉచితముగా ప్రకటించుటయే నా జీతము” అన్నాడు. కొరింథులోనే అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టి బ్రతికాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. ప్రకటించడం తన ఇష్టం మీద ఆధారపడినది కాదు. ఉచితంగా ప్రకటించడం మాత్రం తాను ఇష్టపడి ఎంచుకున్నది. నిస్వార్థమైన ఆసక్తిని చూడవలసినది ఇక్కడ. (దీనిని చూపించి నేటి పాస్టర్లకు జీతం ఇవ్వనవసరం లేదని వాదించేవారు సువార్త ప్రకటించేవారు సువార్త వలన జీవించాలని చెప్పే అదే అధ్యాయంలోని 14వ వచనాన్ని కూడా చదవాలి. వదులుకునే హక్కు పౌలుది, లాగుకునే హక్కు సంఘానికి లేదు.)

ఈ వచనానికీ మన నేలకూ ఉన్న ఒక సంబంధాన్ని తప్పక చెప్పాలి. తిరునెల్వేలి నుండి 1909లో దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘ సంప్రదాయపు) సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత ఈ వచనంలోని చివరి మాటను పలికించేవారు. ఎవరి చెయ్యి వారు తమ తల మీద పెట్టుకొని, తాము బాప్తిస్మం పొందినవారమనీ, సువార్తను ప్రకటింపకపోతే తమకు శ్రమ అనీ చెప్పాలి. ఆ పలికినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వ్యవసాయ కూలీలు. అక్షరం రానివారు, పరుల మూటలు మోసి మోసి అలసినవారు. నెత్తిన చెయ్యి పెట్టుకొని అన్న మాటకు తెలుగునాట ఒట్టుతో సమానమైన విలువ ఉన్నది. ఆ తలల మీద ఈసారి మోపబడినది పౌలు మోసిన భారమే. బిషప్‌కు ఒక భారం, కూలివానికి మరొకటి అనే తేడా ఆ ప్రమాణంలో లేదు.

ఒంగోలు చరిత్రలోని ఒక సంఘటన కూడా దీనికి దగ్గరది. 1876–78 కరువు కాలంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవారు అసంఖ్యాకులు. కాని కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని సుమారు 15 నెలలు ఆయన ఎవరినీ చేర్చుకోలేదు. సహాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరేసి చొప్పున దిగి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిచ్చారు. క్లౌ తన చేతులతో ఒక్కరికి కూడా ఇవ్వలేదు. తన పేరున బాప్తిస్మం పొందారని ఎవరూ అనకూడదని కొరింథులో అతి కొద్దిమందికే బాప్తిస్మమిచ్చిన పౌలు ఇదే పత్రిక మొదటి అధ్యాయంలో కనిపిస్తాడు.

మరొక సభ్యురాలు:

వివరణ బాగుంది, కాని ఒక సందేహం. భారము విధి మాత్రమే అయితే, నశించిపోయేవారి కోసం కన్నీరు కార్చే ఆ తపనకు బైబిలులో మాట లేదా? మా అమ్మగారి తరం స్త్రీలు రాత్రి ప్రార్థనలో ‘భారం’ అన్నప్పుడు గొప్ప చెప్పుకోలేదు. అలాగే ‘నాకు శ్రమ’ అంటే ఏమిటో కూడా చెప్పండి. మా ఇంట్లో పిల్లలు దానిని ‘నాకు కష్టపడే పని’ అని చదువుకున్నారు.

సమాధానం:

అమ్మా, ఆ తరంవారి వాడుకను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారు చెప్పినది నిజమైన అనుభవం, దానికి పౌలు వాడిన మాట వేరొకటి ఉన్నది. రోమీయులకు 9:2లో తన స్వజనుల గురించి “నాకు బహు దుఃఖమును, నా హృదయములో మానని వేదనయు కలవు” అన్నాడు. ఆ వెంటనే, సాధ్యమైతే వారి కొరకు తానే క్రీస్తునుండి వేరై శాపగ్రస్తుడనై యుండగోరుదునన్నాడు. తన రక్షణనే పణంగా పెట్టగోరిన ఈ వేదన కంటె నిస్వార్థమైనది పౌలు పత్రికల్లో నాకు కనబడలేదు. మీ అమ్మగారి తరం ‘భారం’ అన్నది ఈ ‘మానని వేదన’నే. వేదన మనసులో పుట్టేది, భారము బయటనుండి మోపబడేది. వేదన కొన్ని దినాలు చల్లబడవచ్చు. అటువంటి దినాల్లో కూడా భారము దిగదు, పని ఆగదు.

శ్రమ విషయంలో మీ పిల్లల పొరపాటు సహజమే. నేటి వాడుకలో శ్రమ అంటే కష్టించి పనిచేయడం; బైబిలు తెలుగులో బాధ, ఆపద అనే అర్థం ప్రధానం, అందుకే యేసు పడిన బాధలను తలచుకొనే వారాన్ని శ్రమల వారం అంటున్నాము. ఇక్కడ గ్రీకులో ఉన్నది ‘ఊఆయి’, అనగా రాబోయే తీర్పును చూసి వేసే కేక. ‘అయ్యో’, ‘శ్రమ’ రెండూ కలిస్తేనే ఆ ఒక్క పదం పూర్తి అవుతుంది. ఆ భయం ఎవరి గురించినదో గమనించండి. వినని వారికి శ్రమ అని ఆయన ఇక్కడ అనలేదు, చెప్పకపోతే నాకు శ్రమ అన్నాడు. అదే అధ్యాయం 27వ వచనంలోనూ ఇతరులకు ప్రకటించిన తరువాత తానే భ్రష్టుడనై పోదునేమో అని తన శరీరాన్ని నలగగొట్టుకుంటున్నానంటాడు. అక్కడ భ్రష్టుడు అన్నదానికి మూలంలోని అర్థం పరీక్షలో నిలువనివాడు అని. పిల్లలకు ఆ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టి చదివించండి.