హెల్మెట్, జాకెట్ కొనబోతే వెంటపడే సేల్స్‌వాళ్లు: నల్లగొండ, పాలమూరు దిక్కు రైడర్లు మీ అనుభవాలు చెప్పండి

దేవరకొండ_250
అన్నలకు, అక్కలకు నమస్తే. శ్రీశైలం రైడ్ అనుకుంటున్నా. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ మూడూ కొనాలి, పదిహేను వేల దాకా పెట్టగలను. నల్లగొండలో చూశా, ఎల్బీనగర్ దిక్కు కూడా చూశా. ఎక్కడికి పోయినా ఒకటే వరుస. లోపల కాలు పెట్టగానే ఒకతను వెంటపడతాడు. నేను అడిగింది తీయడు, తను అమ్మాలనుకున్నదే నెత్తిన పెడతాడు. "ఈ రేటు ఈ ఒక్కరోజే సార్, రేపొస్తే ఉండదు" అంటాడు. వద్దని బయటికొస్తుంటే మెట్ల దాకా వచ్చి వెయ్యి తగ్గిస్తాడు. వీళ్లతో ఎట్లా మాట్లాడాలి? ఇంకో రెండు సంగతులు కూడా చెప్పండి. మన ఎండలకు మెష్ (గాలాడే జాలీ గుడ్డ) జాకెట్ సరిపోతదా? గ్లవ్స్ సైజు ఎట్లా చూసుకోవాలి?

పాలమూరు_క్లచ్‌వైర్
తమ్ముడూ, షాపువాళ్లది చిన్న సంగతి. అసలు అంటగట్టుడు బండి కొన్న రోజే మొదలవుతుంది. మా తమ్ముడికి బండి తీసుకుందామని ఒక షోరూంకు పోయినం. కొటేషన్ కాగితంలో క్రాష్ గార్డు, సీటు కవరు, టెఫ్లాన్ కోటింగు అన్నీ కలిపి 'కిట్' అని ఒకే లైను రాసిచ్చారు. కిట్ వద్దంటే "అయితే డెలివరీకి టైం పడుతుంది సార్" అని ఆ అబ్బాయి మొహం తిప్పుకున్నాడు. పైగా హెల్మెట్‌కు విడిగా పద్నాలుగు వందలు వేశారు.

నేను కుర్చీలోంచి లేవలేదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 138(4)(ఎఫ్) తీసి ఫోన్లో చూపించా. బండి అమ్మేటప్పుడు బీఐఎస్ (ఐఎస్ఐ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ) ప్రమాణాలకు సరిపడే హెల్మెట్ తయారీదారే ఇవ్వాలని అందులో ఉంది. మేనేజర్ వచ్చాడు, చదివాడు, ఆ పద్నాలుగు వందలు కొట్టేశాడు. కిట్ కూడా పోయింది. ఇన్సూరెన్స్ దగ్గరా ఇదే పంచాయతీ. కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ 2018 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి, ఒప్పుకుంటా. కానీ అది షోరూంలోనే కట్టాలని ఏ చట్టమూ చెప్పదు. మేము బయట తీసుకున్నాం. అందరూ అడగండి, గొంతు పెంచాల్సిన పని కూడా లేదు.

నకిరేకల్_నైట్‌రైడర్
అన్న చెప్పింది వంద శాతం కరెక్టు. నా గొడవ ఎమ్మార్పీ స్టిక్కర్‌తో. ఒక షాపులో హెల్మెట్ డబ్బా మీద 4,890 అని స్టిక్కర్ ఉంది. "మీ మొహం చూసి 3,500 సార్" అన్నాడు. డబ్బాను ట్యూబ్‌లైటు కిందికి తిప్పితే స్టిక్కర్ అంచు కొద్దిగా లేచి కనబడింది. గోరుతో గీకితే కింద అచ్చులో 2,950. అతనికి చూపించా. "పాత స్టాకు సార్, కంపెనీ రేటు పెంచింది" అన్నాడు.

కంపెనీ పెంచితే కొత్త డబ్బా మీద అచ్చు వేస్తుంది. ధర పెంచడానికి పైన స్టిక్కర్ అంటించడం 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం కుదరదు. తగ్గించడానికైతే అంటించొచ్చు, అదీ పాత ధర మూసుకుపోకుండా. "ఎమ్మార్పీ మీద జీఎస్టీ ఎక్స్‌ట్రా" అనేవాడు కూడా అబద్ధమే చెప్తున్నాడు. ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపిన ధర.

గేర్‌మాస్టర్_ఎన్‌హెచ్65
దేవరకొండ తమ్ముడూ, ఇవన్నీ పక్కన పెట్టు. నేను లదాఖ్, స్పితి తిరిగినోణ్ని, నా చేతుల మీదుగా ఎన్ని హెల్మెట్లు పోయినయో లెక్కలేదు. సేల్స్‌వాడు నీ మీదికి వస్తున్నాడంటే నీకు సబ్జెక్టు తెలియదని వాడికి అర్థమైంది. యూరప్ హెల్మెట్ ప్రమాణం పేరు చెప్పి ఒకటే మాట అడుగు: "ఈసీఈ 22.06 ఉందా?" అంతే, వాడి నోరు మూతపడుతుంది. ఈ ఐఎస్ఐ ముద్రలు రోడ్డు పక్కన మూడు వందలకు అమ్మే టోపీల మీద కూడా ఉంటయి. ఐఎస్ఐ చూసి హెల్మెట్ కొనేవాడికి తన తల మీద ప్రేమ లేనట్టే. నేనైతే బయటిదేశం నుంచి తెప్పించుకుంటా.

మిర్యాలగూడ_స్పానర్
గేర్‌మాస్టర్ గారూ, కొత్తగా బండి ఎక్కే పిల్లలు చదువుతారు ఇది. దయచేసి తప్పుదారి పట్టించకండి. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో టూవీలర్ హెల్మెట్ ఐఎస్ఐ లేకుండా తయారు చేయడం, అమ్మడం నిషేధం. రోడ్డు పక్కన మూడు వందలది నకిలీ ముద్ర. నకిలీ ఉందని అసలుదాన్నే తిడతారా? ముద్ర పైన ఐఎస్ 4151 అని హెల్మెట్ ప్రమాణం నంబరు, కింద సీఎం/ఎల్ అని ఒక లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీకి లైసెన్సు ఇచ్చారో, అది నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు. సేల్స్‌వాడి నోరు మూయించేది ఇది.

గేర్‌మాస్టర్_ఎన్‌హెచ్65
స్పానర్ భాయ్, స్పానర్ పట్టుకోవడం వేరు, గేర్ తెలియడం వేరు. 22.06లో తక్కువ వేగం, ఎక్కువ వేగం రెండింట్లో కొట్టి చూస్తారు. ఏటవాలుగా తగిలితే తల ఎట్లా మెలి తిరుగుతదో కూడా కొలుస్తారు. నీ 4151లో అంత ఉందా చెప్పు ముందు.

మిర్యాలగూడ_స్పానర్
22.06 గట్టి పరీక్ష అని నేనూ ఒప్పుకుంటా, ఎవరు కాదన్నారు? నేను తప్పన్నది "ఐఎస్ఐ చూసి కొనేవాడికి తల మీద ప్రేమ లేదు" అన్న మాట. మా ఏరియాలో మిల్లుకు పోయే హమాలీ అన్న పదమూడు వందలు పెట్టి అసలు ఐఎస్ఐ హెల్మెట్ కొని, స్ట్రాప్ పెట్టుకొని పోతాడు. ఆయనకు తల మీద ప్రేమ లేదా? ముప్ఫై వేల హెల్మెట్ పెట్టుకొని స్ట్రాప్ వేలాడేసుకొని పోయేవాళ్లను నార్కట్‌పల్లి దగ్గర రోజూ చూస్తున్నా. ఐఎస్ఐ, ఈసీఈ రెండూ ఉన్న మోడళ్లు ఇక్కడే దొరుకుతాయి, ఐదారు వేల లోపలే. తమ్ముడికి అది చెప్పొచ్చు కదా.

పాలమూరు_క్లచ్‌వైర్
డాట్ అని స్టిక్కర్ చూపించి అమ్ముతారు చూడండి, దాని మీద కూడా ఎవరైనా చెప్పండి. ఆ స్టిక్కర్లు విడిగా అమ్ముతుంటే నా కళ్లతో చూశా.

గేర్‌మాస్టర్_ఎన్‌హెచ్65
డాట్ అమెరికాది. తయారుచేసినవాడే పాసైందని ముద్ర వేసుకుంటాడు, ప్రభుత్వం తర్వాత మార్కెట్లోంచి కొన్ని తీసి పరీక్షిస్తుంది. అందుకే ఈసీఈ అంటున్నా. నా మాట ఎవరికి నచ్చకపోయినా నిజం నిజమే.

వనపర్తి_జూపిటర్
మీ ముద్రల గొడవ అయ్యాక ఇది కూడా వినండి. నేను షాపుకు పోతే సేల్స్‌వాళ్లు నాతో మాట్లాడనే మాట్లాడరు. పక్కన మా తమ్ముడుంటే వాడికే చెప్తారు, వాడికి బండే రాదు. నేను రోజూ పెబ్బేరు దాకా పోయొచ్చేదాన్ని. నల్లది అడిగితే గులాబీది తీస్తారు. "మేడం, ఇది లేడీస్‌లో బాగా పోతుంది" అంటారు.

అన్నిటికంటే కోపమొచ్చేది సైజు దగ్గర. నాది ఎస్. అది స్టాకు లేదు. లేదని చెప్పకుండా ఎల్ తెచ్చి, "కొప్పు పెట్టుకుంటారు కదా మేడం, లూజుగా ఉంటేనే పడుతుంది, వాడితే సెట్టవుతుంది" అన్నాడు. ఎక్కడైనా వాడితే హెల్మెట్ బిగుతవుతుందా? లోపలి స్పాంజి వాడేకొద్దీ అణిగి ఇంకా లూజవుతుంది. జుట్టును మెడ దగ్గర కిందికి జడేసుకోవాలి గానీ, కొప్పు కోసం సైజు పెంచకూడదు. నేను వేరే షాపులో ఎస్ పెట్టుకొని, స్ట్రాప్ బిగించి, అట్లాగే పది నిమిషాలు తిరిగా. బుగ్గలు లోపలికి నొక్కుకోవాలి, నమిలితే బుగ్గ పంటికి తగలాలి. రెండు చేతులతో హెల్మెట్ పట్టుకొని తిప్పితే మొహం చర్మం కూడా దాంతోపాటు కదలాలి. వెనక నుంచి పైకెత్తి ముందుకు తోస్తే ఊడి రాకూడదు. నుదుటి మీద ఒకే చోట ఎర్రగా గీత పడి నొప్పెడితే అది మన తల ఆకారానికి కాదు, వేరే మోడల్ చూడాలి. సేల్స్ అతను "అయిపోయిందా మేడం" అని మళ్లీ మళ్లీ అడిగాడు. కాలేదన్నా. డబ్బులు నావి, తల నాది.

నకిరేకల్_నైట్‌రైడర్
అక్కా, సూపర్. మా చెల్లెకు ఇది పంపిస్తున్నా.

జడ్చర్ల_జంక్షన్
నేను హైదరాబాద్‌లో గేర్ షాపులో సేల్స్ చేసి వచ్చినవాణ్ని. అందరూ మమ్మల్ని దొంగలన్నట్టు రాస్తున్నారు, బాధనిపించింది. జీతం తక్కువ, మిగతాదంతా ఇన్సెంటివ్. ఏ మోడల్ కదలకుండా ర్యాకులో పడి ఉంటే దాని మీద ఎక్కువ ఇన్సెంటివ్ పెడతాడు ఓనర్. మీరు అడిగింది తీయకుండా వేరేది చూపిస్తున్నామంటే కారణం అదే. కస్టమర్ ఊరికే పోతే రాత్రి లెక్కల దగ్గర తిట్లు మాకే.

తమ్ముడికి నిజాయితీగా చెప్తున్నా. బడ్జెట్ చెప్పకు. పదిహేను వేలు అన్నావంటే మేము అక్కణ్నుంచే మొదలుపెడతాం. "ఇంట్లో అడిగి వస్తా" అనకు, ఇప్పుడే ఫోన్ చేయండి అంటాం. "రేటెక్కువ" అనకు, తగ్గిస్తాం, అప్పుడు మొహమాటంతో నువ్వే ఇరుక్కుంటావు. "ఇవాళ కొనడానికి రాలేదు, సైజు చూసుకోడానికి వచ్చా, ఈ మోడల్ ఎమ్, ఎల్ రెండూ తీయండి" అని మోడల్ పేరుతో సహా చెప్పు. మాకు పని అర్థమవుతుంది, వదిలేస్తాం. ఆదివారం సాయంత్రం అస్సలు రాకు. మంగళ, బుధవారం పొద్దున రా, మేమే తీరుబడిగా చూపిస్తాం. నెలాఖరులో ఇచ్చే డిస్కౌంటు మాత్రం చాలాసార్లు నిజమైనదే, టార్గెట్ ఉంటుంది కాబట్టి. ఇంకోటి, హెల్మెట్ మీద తయారైన నెల, సంవత్సరం చూడు. బాగా తగ్గించి ఇస్తున్నారంటే ముందు అదే చూడాలి.

మిర్యాలగూడ_స్పానర్
జంక్షన్ తమ్ముడూ, పనిచేసేవాళ్ల మీద కోపం లేదు. కానీ ఎస్ లేనప్పుడు ఎల్ అంటగట్టడం ఇన్సెంటివ్ సంగతి కాదు. అది ప్రాణం సంగతి.

జడ్చర్ల_జంక్షన్
అది తప్పే అన్నా. నేను చేయలేదు, చేసినవాళ్లను సమర్థించను.

సూర్యాపేట_పాతబుల్లెట్
పిల్లలూ, బిల్లు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. "బిల్లు లేకుండా అయితే మూడు వందలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడం రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లు మీద గడువు రాసి లేకపోతే ముప్ఫై రోజుల్లోపు తీసుకోవాలి. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఎర్ర ముద్ర కొట్టినంత మాత్రాన ఆ హక్కు పోదు. అయితే సైజు సరిపోలేదనో రంగు నచ్చలేదనో అంటే ఇది వర్తించదు, ముందే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. నా హెల్మెట్ వైజర్ (ముందు అద్దం) క్లిప్ మొదటి వారంలోనే విరిగింది. షాపతను వినలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా, కొత్తది ఇచ్చారు.

గేర్‌మాస్టర్_ఎన్‌హెచ్65
జాకెట్ గురించి నేను చెప్పకపోతే ఎవరూ చెప్పేలా లేరు. "సీఈ జాకెట్ సార్" అంటారు, సీఈ అంటే యూరప్ ముద్ర. సగం షాపుల్లో జాకెట్‌కు ఏమీ ఉండదు, భుజం, మోచేతి లోపల పెట్టిన ఆర్మర్‌కు (దెబ్బ ఆపే ప్యాడ్లకు) మాత్రమే సీఈ ఉంటుంది. జాకెట్‌ది వేరే. లోపలి లేబుల్ మీద ఈఎన్ 17092 అని, పక్కన ఏ, ఏఏ, ఏఏఏ అని రేటింగు ఉండాలి. ఇక వీపు. "బ్యాక్ ప్రొటెక్టర్ ఫ్రీ" అంటారు. జిప్పు తీసి బయటికి లాగండి. చాలావాటిలో మెత్తటి ఫోమ్ ముక్క ఉంటుంది, రెండు వేళ్ల మధ్య నొక్కితే వేళ్లు కలుస్తాయి. అసలుదాని మీద బండి మీద కూర్చున్న మనిషి బొమ్మ, ఈఎన్ 1621-2 అనే నంబరు, 1 లేదా 2 అని లెవెల్ అచ్చులో ఉంటాయి. ఆ బొమ్మ లేకపోతే దానికి డబ్బు లెక్కగట్టొద్దు.

మిర్యాలగూడ_స్పానర్
ఇది మాత్రం బాగా చెప్పారు.

అచ్చంపేట_ఘాట్
మెష్ గురించి తమ్ముడు అడిగితే పట్టించుకున్నవాళ్లు లేరు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మెష్ తప్ప వేరేది వేసుకోలేవు. నిండు జాకెట్ కొంటే ఎండకు తీసి సీటుకు కట్టేస్తావు, అప్పుడు అది ఉన్నా లేనట్టే. మెష్‌లోనూ భుజాలు, మోచేతుల దగ్గర గట్టి గుడ్డ ఉన్నది చూడు. దేవరకొండ నుంచి డిండి మీదుగా వస్తావు కదా, మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి 9కి మూస్తారు, పొద్దున 6కే తెరుస్తారు. ఆలస్యమైతే గేటు దగ్గర కూర్చోవాల్సిందే. అడవిలో కోతులకు తిండి వేయడానికి ఆగొద్దు, అది టైగర్ రిజర్వు.

నకిరేకల్_నైట్‌రైడర్
ఘాటు అన్నా, పాతాళగంగ దిగే మలుపుల దగ్గర రోడ్డు ఇప్పుడెట్లుంది?

అచ్చంపేట_ఘాట్
రోడ్డు బాగుంది. మలుపుల్లో బస్సులు మొత్తం రోడ్డు తీసుకుంటాయి, హారన్ కొట్టుకుంటూ ఎడమకు పో.

దేవరకొండ_250
అందరికీ థ్యాంక్స్. బుధవారం పొద్దున జంక్షన్ అన్న చెప్పినట్టే పోయా. మోడల్ పేరు చెప్పి రెండు సైజులు తీయమన్నా. ఒక్కసారి "ఆఫర్ సార్" అన్నాడు, కొనడానికి రాలేదన్నా, వదిలేశాడు. ఎమ్ సరిపోయింది. సీఎం/ఎల్ నంబరు యాప్‌లో కొట్టి చూసి సాయంత్రం పోయి తెచ్చుకున్నా, ఐఎస్ఐ, ఈసీఈ రెండూ ఉన్నాయి. జాకెట్ వీపులో ఫోమే వచ్చింది, లెవెల్ 2 ప్రొటెక్టర్ విడిగా ఆర్డర్ పెట్టా. గ్లవ్స్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

వనపర్తి_జూపిటర్
తమ్ముడూ, బొటనవేలు వదిలేసి అరచేయి చుట్టూ టేపు పెట్టి కొలువు, ఆ అంకె కంపెనీ సైజు చార్టులో చూడు. వేసుకొని హ్యాండిల్ పట్టుకున్నట్టు పిడికిలి బిగిస్తే వేళ్ల చివర్లు గుడ్డను గుంజకూడదు. మణికట్టు స్ట్రాప్ బిగించాక ఇంకో చేత్తో లాగి చూడు, ఊడి రాకూడదు. గ్లవ్స్‌కు ఉండే యూరప్ ప్రమాణం ఈఎన్ 13594 ఉన్నది తీసుకో. షాపులో బండి ఉంటే దాని మీద కూర్చొని క్లచ్ పట్టి చూడు, వద్దంటే వేరే షాపుకు పో.