మిథైల్ జాస్మోనేట్‌తో జీన్ పెరిగింది, నూనె మాత్రం పెరగడం లేదు

పెప్పర్‌మింట్ మొక్కలకు 0.5 మిల్లీమోలార్ మిథైల్ జాస్మోనేట్ (మొక్కల్లో రక్షణ స్పందనను రేపే హార్మోన్) స్ప్రే చేశాను. 24 గంటలకు క్యూపీసీఆర్‌లో (జీన్ ఎంత చురుగ్గా ఉందో కొలిచే పరీక్ష) లిమోనీన్ సింథేజ్, అంటే మెంతాల్ తయారీలో తొలి మెట్టు ఎంజైమ్ జీన్, దాదాపు మూడు రెట్లు పెరిగింది. 72 గంటలకు జీసీ-ఎంఎస్ (నూనెలోని పదార్థాలను విడదీసి కొలిచే పరీక్ష) చేస్తే నూనెలో ముఖ్యమైన మెంతాల్, మెంథోన్ రెండూ కంట్రోల్‌లో ఉన్నంతే. క్యూపీసీఆర్‌లో పోలికకు వాడిన యాక్టిన్ జీన్ మీద అనుమానంతో ఆ రిఫరెన్స్ జీన్ మార్చాను. డిస్టిలేషన్‌లో పోతోందేమోనని హెక్సేన్ అనే ద్రావణితోనూ నూనె తీశాను. తేడా లేదు. కంట్రోల్ మొక్కలు వేరే గదిలోనే ఉన్నాయి (ఈ మందు గాల్లోనూ పాకుతుంది కదా).

నూనె తయారయ్యేది ఆకు మీది గ్రంథి రోమాల్లో (నూనె నింపుకునే సన్నని నూగులో), అదీ ఆకు లేతగా ఉన్నప్పుడే ఎక్కువ. నేను తీసుకున్నది పైనుంచి మూడో జత. లెన్స్‌లో చూస్తే వాటి గ్రంథులు అప్పటికే బుడగల్లా నిండి ఉన్నాయి. అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తోంది.

స్ప్రే నాటికి ఇంకా విచ్చుకోని ఆకులకు గుర్తు పెట్టుకుంటే, ఎన్నో రోజున నూనె కొలవాలి?