స్విఫ్ట్‌లో ‘ఇఫ్ లెట్’ను ఇంకా కుదించవచ్చా?

ప్రశ్న:
బెంగళూరులో ఇంటికి సరుకులు చేర్చే ఒక యాప్‌కు నేను యాపిల్ ప్రోగ్రామింగ్ భాష స్విఫ్ట్‌లో కోడ్ రాస్తుంటాను. ఈ ఊరి చిరునామాలో మెయిన్, క్రాస్, స్టేజి, ల్యాండ్‌మార్క్ అని ఎన్నో ముక్కలుంటాయి; ఒకరికి ఉన్నది మరొకరికి ఉండదు కనుక అవన్నీ మా స్ట్రక్ట్‌లో (చిరునామా వివరాలను ఒకచోట ఉంచే నిర్మాణంలో) ఆప్షనళ్లే, అంటే విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు. విలువ ఉంటే దాన్ని విప్పి, అంటే బయటికి తీసి, ఒక పేరు పెట్టేది ‘ఇఫ్ లెట్’. 2022లో స్విఫ్ట్ 5.7 వచ్చాక ‘ఇఫ్ లెట్ క్రాస్ = క్రాస్’ అని ఒకే పేరును రెండుసార్లు రాసే పని తప్పి, ‘ఇఫ్ లెట్ క్రాస్’ అంటే సరిపోతోంది. అయితే విడి పేరుకే ఈ వెసులుబాటు. ‘ఇఫ్ లెట్ చిరునామా.క్రాస్’ అని రాస్తే, చుక్క తర్వాతి పేరునే కంపైలర్ (కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) ఆ బ్లాకు లోపలి పేరుగా తీసుకోవాలని ప్రతిపాదించాలనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు 1:
‘లెట్’ పని కొత్త పేరు పెట్టడం, ఆ పేరు చదివేవారికి కంటికి కనబడాలి. మీ యాప్‌లోనే పికప్.క్రాస్, డెలివరీ.క్రాస్ రెండింటినీ ఒకే షరతులో విప్పవలసి వచ్చిందనుకోండి, రెండూ ‘క్రాస్’ అనే పేరుకే పోటీ పడతాయి. అప్పుడు రైడర్‌ను ఏ క్రాస్‌కు పంపుతారు? చుక్క తర్వాత ఫంక్షన్ కాల్ ఉంటే ఏ పేరు పెట్టాలన్నది ఇంకో తలనొప్పి.

జవాబు 2:
కొత్త పేరే వద్దు, లోపల కూడా ‘చిరునామా.క్రాస్’ అనే వాడుకుందామని ఎవరైనా అనవచ్చు. కాట్లిన్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో స్మార్ట్ కాస్ట్ చేసేది అదే: నల్ (విలువ లేకపోవడం) కాదని ఒకసారి పరీక్షిస్తే, ఆ బ్లాకులో కంపైలర్ ఆ సంగతి గుర్తుంచుకుంటుంది. కానీ ఆ ప్రాపర్టీ ‘వార్’ (తర్వాత మార్చగలిగేది) అయితే ఒప్పుకోదు, ఎందుకంటే పరీక్షకూ వాడకానికీ మధ్య మరో థ్రెడ్ (అదే సమయంలో పక్కన నడిచే పని) దాన్ని మార్చేయవచ్చు. స్విఫ్ట్ విలువను కొత్త స్థిరాంకంలోకి తీసుకుంటుంది కాబట్టి ఆ భయం లేదు. ఆ పేరును మళ్లీ రాయడం దానికి మనం చెల్లించే మూల్యం.

ప్రశ్న అడిగినవారు:
పికప్, డెలివరీల ఉదాహరణ చూశాక ప్రతిపాదన పక్కన పెట్టాను. నిజానికి నన్ను విసిగించింది పేరు పొడవు కాదు, బద్ధకించి క్రాస్, ల్యాండ్‌మార్క్‌లకు మేము పెట్టిన ‘సి’, ‘ఎల్’ వంటి ఒంటి అక్షరాలు. ల్యాండ్‌మార్క్‌ను తెరపై చూపడమే పనైతే విప్పకుండానే, రెండు ప్రశ్నార్థకాల (విలువ లేకపోతే బదులుగా ఏది వాడాలో చెప్పే గుర్తు) తర్వాత ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి సరిపెడుతున్నాను. మిగతా చోట్ల ‘పికప్‌క్రాస్’ అని నిండుగా రాస్తున్నాను.