పాత బండి: బ్రేక్ నొక్కితే ఇండికేటర్లు మసకగా వెలుగుతున్నాయి, అప్పుడప్పుడు ఫ్యూజ్ పోతోంది

పాతబండి:
మా నాన్న నడిపిన బండి ఇది. 12 వోల్టులు, సీబీ పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్‌కి కరెంటు ఇస్తూ ఆపుతూ ఉండే చిన్న స్విచ్), కిక్ మాత్రమే. మొత్తం విప్పి, ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ చేయించి మళ్ళీ బిగించాను. అప్పటి నుంచి అన్నీ కరెంటు తిప్పలే. బ్రేక్ నొక్కితే వెనక ఇండికేటర్లు రెండూ మసకగా వెలుగుతాయి, హార్న్ గొంతు పోయినట్టు మోగుతుంది, పైగా ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి ఫ్యూజ్ పోతుంది. కొత్త బ్యాటరీ వేశాను, రెక్టిఫైయర్ (ఇంజిన్ నుంచి వచ్చే కరెంటుని బ్యాటరీకి సరిపడే డీసీగా మార్చేది) మార్చాను, తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే తీగచుట్టలు) మార్చమంటున్నాడు. మల్టీమీటర్ ఉంది కానీ ఎక్కడ పెట్టి చూడాలో తెలియదు. ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

రాగితీగ:
స్టేటర్ జోలికి వెళ్ళకండి. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ వెలిగిందంటే బ్రేక్ లైటుకి ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) అందక కరెంటు పక్క బల్బుల గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. పౌడర్ కోటింగ్ మీద కరెంటు పారదు, పాత బండ్లలో చాలా లైట్లకి ఫ్రేమే ఎర్త్, మీ బోల్టుల కింద ఇప్పుడు కోటింగ్ ఉంటుంది. మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టండి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది టెయిల్ లైట్ హోల్డర్ లోహం మీద ఉంచి బ్రేక్ నొక్కండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే పర్లేదు, అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే ఎర్త్ పోయినట్టే. (కొన్ని పాత బ్రిటిష్ బండ్లలో పాజిటివ్‌ని ఎర్త్ చేస్తారు, మీది అలాంటిదైతే ప్రోబ్ పాజిటివ్ మీద పెట్టాలి.) బోల్టు కింద కోటింగ్ లోహం కనిపించేదాకా గీకి బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. ఇంజిన్ నుంచి బ్యాటరీకి విడిగా ఒక మందపాటి వైరు కూడా వేయండి.

పాతబండి:
అన్నా, 1.8 వోల్టులు చూపించింది! గీకి బిగించాక 0.1. హార్న్ గట్టిగా మోగుతోంది, ఇండికేటర్లు బ్రేక్‌కి వెలగడం లేదు. కానీ నిన్న మలుపులో మళ్ళీ ఫ్యూజ్ పోయింది.

కిక్‌రాడ్:
ఫ్యూజ్ సంగతి వేరు, ఎక్కడో పాజిటివ్ వైరు ఒరుసుకుని ఫ్రేమ్‌కి తగులుతోంది. దయచేసి పెద్ద ఫ్యూజ్ మాత్రం వేయకండి, అప్పుడు ఫ్యూజ్ బదులు వైరింగ్ కాలుతుంది. ఫ్యూజ్ తీసేసి ఆ రెండు కొసల మధ్య 12 వోల్టుల 21 వాట్ల బల్బు కలపండి. ఇగ్నిషన్ కాయిల్ వైరు ముందే ఊడదీయండి, ఎందుకంటే పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ లాగే కరెంటుకే బల్బు వెలిగి షార్ట్ అనుకుని మోసపోతాం, నేను ఒకసారి పూట మొత్తం అలాగే పోగొట్టుకున్నాను. లైట్లన్నీ ఆపి, తాళం ఆన్ చేసి, హ్యాండిల్‌ని అటూ ఇటూ చివరిదాకా తిప్పుతూ వైరింగ్‌ని కదపండి. బల్బు నిండుగా వెలిగిన చోటే షార్ట్. మలుపులో పోయిందంటున్నారు కాబట్టి ముందు కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) దగ్గర చూడండి, తర్వాత ట్యాంక్ కింద, వెనక మడ్‌గార్డ్ రంధ్రం దగ్గర.

పాతబండి:
దొరికింది! హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పగానే బల్బు భగ్గున వెలిగింది. హార్న్‌కి వెళ్ళే వైరు స్టీరింగ్ స్టాపర్‌కి ఒరుసుకుని రాగి బయటపడింది, బిగించేటప్పుడు నేనే వైరింగ్‌ని మరీ బిగుతుగా లాగి కట్టాను. అదే మందం వైరు అతికించి, స్లీవ్ తొడిగి, వదులుగా కట్టాను. ఇప్పుడు ఛార్జింగ్ ఎంత ఉండాలి?

రాగితీగ:
శుభం. రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు దాటి ఉండాలి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే స్టేటర్, రెక్టిఫైయర్ రెండూ బాగున్నట్టే. 15 దాటితే మాత్రం బండి ఆపేయండి, బ్యాటరీ ఉడికిపోతుంది.

పాతబండి:
14.1 వచ్చింది. రేపు నాన్నని వెనక కూర్చోబెట్టుకుని తిప్పుతాను.