సింగర్ 306కె కుట్టుమిషన్‌లో 15×1 సూది వాడొచ్చా?

సింగర్ 306కెకి అసలు సూది 206×13. ఇది మామూలు 15×1 కన్నా పొట్టి. రెండింటి మొదలూ ఒకవైపు చదునే కాబట్టి 15×1 కూడా చక్కగా బిగుసుకుంటుంది, తేడా పైకి తెలీదు. చక్రం చేత్తో మెల్లగా తిప్పితే మాత్రం మొన కింద బాబిన్ కేసుకి (కింది దారం ఉండే డబ్బీకి) టక్కున తగులుతోంది. అందుకే మోటారు ఆన్ చెయ్యలేదు. హుక్ (సూది దారాన్ని కింద పట్టుకునే కొక్కెం) మీద గీత పడితే దారం తెగుతూనే ఉంటుంది.

దొరికేవన్నీ 15×1లే. నీడిల్ బార్ (సూది బిగించే కడ్డీ) స్క్రూ వదులు చేసి, ఆ పొడవు తేడా మేరకు బార్‌ని పైకి జరిపితే చాలా? హుక్ మొన సూది కన్నుకి కాస్త పైనుంచే పోవాలి కదా. సాదా కుట్టు కుదిరినా, వెడల్పు జిగ్‌జాగ్‌లో ఒక పక్క కుట్టు తప్పుతుందేమోనని అనుమానం. అలా మార్చి వాడుతున్నవాళ్ళు చెప్పగలరా? 206×13 సూదులు 11, 14 సైజుల్లో ఎక్కడైనా ఉంటే అదీ చెప్పండి. పాత స్టాకైనా పర్లేదు, తుప్పు లేకపోతే చాలు.