అప్‌డేట్: సగ్గుబియ్యం పాయసం ఈసారి ముద్ద కాలేదు

పోయిన వారం పాయసం జిగురు ముద్దైంది, పైగా పాలు విరిగాయి, ఏం చేయాలని అడిగాను కదా. నిన్న మళ్లీ చేశాను. పూర్ణా మార్కెట్‌లో పెద్ద గింజ సగ్గుబియ్యం తెచ్చి, నీళ్లు తేటపడేదాకా కడిగి, నానబెట్టాను. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా చితికాకే మరిగే నీళ్లలో వేశాను. గింజ మధ్యలో ఆవగింజంత తెల్లచుక్క మిగలగానే స్టవ్ కట్టేసి మూత పెట్టాను. కాసేపటికి ఆ చుక్కా పోయింది. కర్రపెండలం పిండే కదా, అతిగా ఉడికితే జిగురు కాక ఏమవుతుంది!

అనకాపల్లి బెల్లం విడిగా కరిగించి వడకట్టి, అన్నీ చల్లారాకే పాలలో కలిపాను. విరగలేదు. వేడి పాలలో బెల్లం వద్దన్నవాళ్లకి దండం. మా అత్తయ్య రెండో గిన్నె అడిగారు! రాత్రికి మాత్రం గట్టిపడింది, కాచిన పాలు పోసి పలచన చేశాను.